చిత్తడి మీద చెక్కబాట: ఓజె కథ

ఓజె నేల ఏడాదికి ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. టోక్యోకు ఉత్తరాన గున్మా, ఫుకుషిమా, నీగాతా ప్రిఫెక్చర్లు కలిసేచోట, సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున, చుట్టూ రెండువేల మీటర్లు దాటిన కొండలున్న చిత్తడి బయలు అది. పొడవు ఆరు కిలోమీటర్లు, వెడల్పు రెండు. జపాన్‌లోని ప్రధాన ద్వీపంలో కొండల మీద ఇంత పెద్ద చిత్తడి మరొకటి లేదు. ఏడాదిలో ఇంచుమించు సగం కాలం మంచు కిందే ఉంటుంది. నీళ్ళు చల్లన, పైగా ఆమ్లగుణం. బురదలోకి గాలి చొరబడదు. అందువల్ల అక్కడ చచ్చిన నాచు పూర్తిగా కుళ్ళిపోదు. కిందికి దిగి, పొర మీద పొరగా పేరుకుంటూ పోతుంది. ఆ పేరుకున్నదాన్నే పీట్ అంటారు. వేల ఏళ్ళు గడిచి ఇప్పటికి నాలుగైదు మీటర్ల మందం తేలింది. దాని పైన బతికే స్ఫాగ్నమ్ నాచు నానిన దూదిపరుపులా నీళ్ళు పట్టుకుని ఉంటుంది.

అలాంటి నేల మీద ఒక మనిషి కాలు పది సెంటీమీటర్లు దిగబడిందనుకుందాం. ఆ గుంట పూడాలంటే, లెక్క ప్రకారం, వంద ఏళ్ళకు పైగా పడుతుంది. అదే చోట ఇంకో వందమంది నడిచారో, నాచు చచ్చిపోతుంది. నల్లటి పీట్ బయటపడుతుంది. ఎండకు ఎండి, వానకు కొట్టుకుపోతుంది. ఇక పూడే మాట ఉండదు.

1996లో ఒక్క ఏడాదిలోనే ఓజెకు వచ్చినవాళ్ళు సుమారు 6 లక్షల 47 వేలమంది. అంతమంది నడిచినా ఆ బయలు ఇవాళ్టికీ పచ్చగా ఉంది. అది ఎలా సాధ్యమైందన్నదే ఈ కథ. ఎవరో నిపుణులు ఒకచోట కూర్చుని పథకం గీసి అమలుచేసింది కాదిది. ఒక్కో నష్టం కళ్ళబడినప్పుడల్లా ఒక్కో పద్ధతి పుట్టింది. కొన్ని పద్ధతులు పుట్టేలోపే కొంత నేల పోయింది కూడా.

ఓజెకు తొలి కావలి హిరానో చోజో. 1870లో పుట్టారు. కొండనెక్కి దేవుణ్ణి కొలుచుకునే భక్తుడు. 1889లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఓజె సరస్సు పక్కనున్న హియుచి శిఖరానికి దారి వేశారు. మరుసటి ఏడాది సరస్సు ఒడ్డున ఒక గుడిసె వేశారు. భక్తుల కోసం వేసిన ఆ గుడిసే తర్వాత యాత్రికుల బసగా మారింది. ఆయన పేరుతో చోజో బస ఇప్పటికీ నడుస్తోంది. 1905లో వృక్షశాస్త్రజ్ఞుడు తకెదా హిసయోషి ఓజెకు వచ్చి, అక్కడ చూసిన మొక్కల గురించి జపాన్ పర్వతారోహకుల సంఘం పత్రిక తొలి సంచికలో రాశారు. దాంతో చదువుకున్నవాళ్ళకు ఈ బయలు గురించి తెలిసింది. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు.

ఓజెలో ఈనాటికీ చెప్పుకునే సంగతి ఒకటుంది. జపాన్‌లో వృక్షశాస్త్రానికి పెద్దదిక్కుగా పేరుపడ్డ మకినో తొమితారో ఒకసారి వచ్చి, పరిశోధన కోసం మొక్కల్ని కట్టలుకట్టలుగా పెరికి మూటగట్టుకున్నారట. చోజో అది చూసి ఊరుకోలేదట. అంతటి పండితుణ్ణి పట్టుకుని చెడామడా కేకలేశారట. ఓజెలో ఇవాళ అమల్లో ఉన్న మొదటి నియమం, మొక్కను గాని రాయిని గాని కదిలించకూడదన్నది. అది కాగితాల మీదికి రాకముందే ఒక బస యజమాని నోట వెలువడిందన్నమాట.

అప్పటికి యాత్రికుల వల్ల పెద్ద ముప్పు లేదు. ముప్పు నీళ్ళ వైపు నుంచి వచ్చింది. చుట్టూ కొండలు, మధ్య బయలు, బోలెడంత మంచునీరు. విద్యుత్ కంపెనీల చూపు పడడానికి అంతకన్నా ఏం కావాలి? 1916లో ఒక కంపెనీ బయలులో పెద్ద భాగం కొనేసింది. 1922లో మరో కంపెనీ నీటి హక్కులు సంపాదించింది. ఆనకట్ట కడితే బయలంతా నీట మునిగిపోతుంది. చోజో ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. ఊరు వదిలి, చలికాలంలో సైతం సరస్సు ఒడ్డునే కాపురముండి నిరసన తెలిపారు. 1930లో ఆయన పోయాక ఆ పోరు కొడుకు చోయెయి చేతికి వచ్చింది. 1934లో ఓజె నిక్కో జాతీయ ఉద్యానంలో భాగమైనా, ఆనకట్ట ఆలోచన చావలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కరెంటు కొరత తీవ్రమై, పాత పథకాన్ని మళ్ళీ దుమ్ము దులిపారు. 1949లో శాస్త్రవేత్తలు, రచయితలు, కొండలెక్కేవాళ్ళు కలిసి ఓజెను కాపాడేందుకు ఒక కూటమి కట్టారు. ఆ కూటమే 1951లో జపాన్ ప్రకృతి పరిరక్షణ సంఘంగా మారింది. ఆ దేశంలో ప్రకృతి పరిరక్షణ ఉద్యమానికి పురుడు పోసింది ఈ బురద నేలే అంటే అతిశయోక్తి కాదు.

అదే 1949లో ఇంకొకటి జరిగింది. ఎన్‌హెచ్‌కే రేడియోలో ఒక పాట వచ్చింది. రాసింది ఎమా షోకో, బాణీ కట్టింది నకదా యోషినావొ. పేరు ‘నత్సు నో ఒమోయిదె’, వేసవి జ్ఞాపకం. ఓజెలో పూసే మిజుబషో పూల గురించిన పాట. యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న జనానికి ఆ పాట మనసులో నాటుకుపోయింది. బడిపిల్లల నోట కూడా అదే. మిజుబషో మన చేమ, కంద కుటుంబానికే చెందిన మొక్క. మంచు కరిగిన నీళ్ళలో, మే చివర, జూన్ మొదట్లో పూస్తుంది. తెల్లగా కనిపించేది నిజానికి పువ్వు కాదు, పూల కంకిని చుట్టుకున్న తొడుగు. దాన్ని చూడాలని రైళ్ళెక్కి, బస్సులెక్కి, కొండలెక్కి వేలమంది బయల్దేరారు.

ఆనకట్ట నుంచి కాపాడిన బయలును ఇప్పుడు ప్రేమించి వచ్చేవాళ్ళ కాళ్ళ నుంచి కాపాడుకోవలసి వచ్చింది. నా ఉద్దేశంలో అసలు కష్టమైన పని ఇక్కడే మొదలైంది. ఆనకట్టకు వ్యతిరేకంగా జనాన్ని కూడగట్టవచ్చు. వచ్చే జనమే నష్టానికి కారణమైతే ఎవరికి వ్యతిరేకంగా ఎవరిని కూడగడతాం?

బయలుకు దక్షిణాన, 1,969 మీటర్ల ఎత్తున అయమెదైర అనే చిన్న చిత్తడి ఉంది. కొండ కొసన చదునైన నేల, మధ్య మధ్య చిన్న చిన్న నీటి మడుగులు, ఎదురుగా హియుచి శిఖరం. ఆకాశంలోని స్వర్గమని పేరు తెచ్చుకుంది. 1950లు, 60లలో వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఆ పచ్చిక మీద నడిచారు, కూర్చున్నారు, అన్నాలు తిన్నారు, ఫొటోలు దిగారు. ఎవరూ చెడగొట్టాలని చేసింది కాదు. కొన్నేళ్ళకు అక్కడ మొక్కలు పోయి నల్లటి పీట్ తేలింది. వానలకు అది కోసుకుపోయింది.

1960ల చివర బాగుచేసే పని మొదలైంది. మొదట, బాగున్నచోటి నుంచి నాచుమట్టిని దిమ్మలుగా కోసుకొచ్చి పాడైనచోట అతికించారు. అలా చేస్తే కోసినచోట కొత్త గాయం పడుతోంది. దాంతో దారి మార్చారు. ఆ చుట్టుపక్కలే పెరిగే ఒక రకం తుంగజాతి గడ్డి నుంచి గింజలు ఏరి, బోడినేల మీద చల్లి, గాలికీ వానకూ కొట్టుకుపోకుండా పైన గడ్డిచాపలు కప్పారు. చాప కింద తేమ నిలిచి మొలకలు వచ్చాయి. ఎండాకాలం కొన్నాళ్ళే ఉండే చోటు అది. ఏడాదికొక్కసారి మాత్రమే పని సాగుతుంది. చల్లడం, కప్పడం, చూడడం, మళ్ళీ చల్లడం. యాభై ఏళ్ళు గడిచాక ఆ నేలలో చాలా భాగం పచ్చబడింది. కాని పచ్చబడింది పైభాగమే. కొట్టుకుపోయిన పీట్ తిరిగి రావాలంటే ఇంకెన్ని తరాలు కావాలో ఊహించుకోవచ్చు. ఓజెలో తరవాత వచ్చిన ప్రతి నియమం వెనుకా అయమెదైర ఉంది. చూసినవాళ్ళకు వేరే ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

ఇక చెక్కబాట సంగతి. ఓజె అనగానే జపానువాళ్ళ కళ్ళముందు మెదిలేది అదే. మొదట్లో అది మొక్కల కోసం వేసింది కాదు. బురదలో మోకాలిదాకా దిగబడకుండా బసలవాళ్ళు అక్కడక్కడా దుంగలు, పలకలు పరిచారు. మనిషి సుఖానికి వేసిన ఆ పలకలే బురదకు రక్షణ అని తర్వాత అర్థమైంది. పలక ఉన్నచోట జనం పలక మీదే నడుస్తున్నారు, పక్కనున్న నాచు చెక్కుచెదరడం లేదు. దాంతో పలకల్ని బయలు అంతటా వేయడం మొదలైంది.

ఒంటి వరస పలకలు వేసిన చోట్ల కొత్త చిక్కు వచ్చింది. ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు పక్కకు తప్పుకోవాలి. తప్పుకున్న కాలు నాచు మీదే పడుతుంది. రోజుకు కొన్ని వేలసార్లు. అందుకని బాటను రెండు వరసలు చేశారు. వెళ్ళేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఎవరి కుడిపక్క వాళ్ళు నడవాలి. జపాన్‌లో బళ్ళన్నీ ఎడమపక్క నడుస్తాయి కాబట్టి కొత్తవాళ్ళకు ఇది కాస్త తికమకే. అయినా రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది.

దగ్గరికి వెళ్ళి ఒక పలకను చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. లార్చ్ చెట్టు కలప అది. కింద అడ్డంగా దుంగలు, వాటి మీద పొడుగ్గా పలకలు జంటజంటగా. కొన్ని పలకల మీద కాల్చిన ఇనుప ముద్ర కనిపిస్తుంది. ఏ ఏడాది వేశారో, ఎవరు వేశారో ఆ ముద్ర చెబుతుంది. ముద్ర టోక్యో ఎలక్ట్రిక్ పవర్ కంపెనీది. ఒకప్పుడు బయలును ముంచాలనుకున్న కంపెనీల భూమి వారసత్వంగా వచ్చింది ఈ సంస్థకే. బయలులో ఎక్కువ భాగానికి ఇప్పటికీ యజమాని అదే. నీటి హక్కుల్ని 1996లో వదులుకుంది. తన వంతు చెక్కబాటను తనే వేస్తూ, మరమ్మతు చేస్తూ వస్తోంది. ఇప్పుడు ఓజెలో చెక్కబాట మొత్తం 65 కిలోమీటర్ల దాకా ఉంది. తడి, మంచు, వేల కాళ్ళ ఒరిపిడి కలిసి ఒక పలక పదేళ్ళకు మించి నిలవడం కష్టం. ఒకవైపు వేస్తూ ఉంటే మరోవైపు పాతబడుతుంది. కలపను హెలికాప్టర్లలో దింపుతారు. బసలకు కావలసిన బియ్యం, కూరగాయలు మాత్రం మోతగాళ్ళు చెక్క చట్రానికి కట్టి, మనిషికి 70 నుంచి 100 కిలోల దాకా వీపున వేసుకుని ఆ పలకల మీదే మోసుకొస్తారు. బాటకు డబ్బు ఎంత ఖర్చవుతోందని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే: అయమెదైరలో యాభై ఏళ్ళ గింజల పని కన్నా ఇది చవకే.

1960లలో మరో ముప్పు వచ్చింది. గున్మా నుంచి ఫుకుషిమాకు, ఓజె సరస్సు పక్కగా మోటారు రోడ్డు. పని మొదలై యంత్రాలు కొండ మీదికి వచ్చాయి కూడా. చోజో మనవడు హిరానో చోసెయి అప్పుడు బస నడుపుతున్నారు. క్యోటో విశ్వవిద్యాలయంలో చదివి, హొక్కయిదోలో పత్రికా విలేకరిగా పనిచేసి, కుటుంబ అవసరం పడి తిరిగొచ్చినవాడు. 1971 జులైలో జపాన్ ప్రభుత్వం పర్యావరణ సంస్థను కొత్తగా ఏర్పాటుచేసింది. ఆ నెలలోనే చోసెయి నేరుగా దాని అధిపతి, మంత్రి ఒయిషి బుయిచి ఇంటికి వెళ్ళి మొరపెట్టుకున్నారు. మంత్రి స్వయంగా ఓజెకు నడిచి వచ్చి చూశారు. మంత్రివర్గంలో గట్టి వ్యతిరేకత వచ్చినా నిలబడి, రోడ్డు పని ఆపించారు. అదే ఏడాది డిసెంబరు 1న చోసెయి మంచులో ఒక కనుమ దిగుతూ, అలిసిపోయి, దారిలోనే ప్రాణం విడిచారు. వయసు 36.

ఈ మరణం గురించి చదివినప్పుడల్లా నాకు అనిపించేది ఒకటే. ఆ రోడ్డు పడి ఉంటే తర్వాత ఎన్ని పలకలు వేసినా, ఎన్ని నియమాలు పెట్టినా సరస్సు ఒడ్డున కార్ల వరస ఉండేది. ఓజెలో జనాన్ని అదుపు చేయగలగడానికి మూలం, అక్కడికి ఎవరైనా కాలినడకనే చేరాలన్నది. ఆ ఒక్కటి చోసెయి కాపాడారు. తక్కినవన్నీ దాని మీద కట్టుకున్నవే.

మరుసటి ఏడాది, 1972లో, చెత్త పని పట్టారు. అప్పటికి ఓజెలో వెయ్యికి పైగా చెత్తడబ్బాలున్నాయి. డబ్బా ఉంటే శుభ్రంగా ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. డబ్బాలు నిండి పొర్లిపోయేవి. ఖాళీ చేయాలంటే చెత్తను మనిషి వీపున మోసి దించాలి. డబ్బా చుట్టూ పారేయడం తప్పు కాదన్న భావన జనంలో పాతుకుపోయింది. చివరికి డబ్బాలన్నీ తీసేశారు. ఎవరి చెత్త వాళ్ళే ఇంటికి తీసుకెళ్ళండని చెప్పారు. డబ్బా లేకపోతే చెత్త పెరుగుతుందని భయపడ్డవాళ్ళున్నారు. పెరగలేదు, తగ్గింది. తర్వాత ఆ అలవాటు జపాన్‌లోని తక్కిన కొండలకూ ఉద్యానాలకూ పాకింది. ఓజె చేసిన పనులన్నింటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. దీనికి కలప అక్కర్లేదు, హెలికాప్టరు అక్కర్లేదు, జరిమానా కూడా అక్కర్లేకపోయింది. వచ్చినవాడి మీద నమ్మకం ఉంచి బాధ్యత చేతికిచ్చారు.

1974లో సొంత కార్ల మీద ఆంక్షలు వచ్చాయి. బయలుకు దగ్గరి దారి హతోమచి కనుమ, ఎత్తు 1,591 మీటర్లు. అక్కడిదాకా రోడ్డు ఉంది. రద్దీ కాలంలో సొంత కార్లను కింది ఊళ్ళోనే ఆపించి, బస్సుల్లో, వ్యాన్లలో పైకి పంపడం మొదలుపెట్టారు. కనుమ నుంచి అందరూ నడవాల్సిందే.

కంటికి కనిపించే చెత్త పోయాక కనిపించనిది బయటపడింది. బసల చుట్టుపక్కల మిజుబషో ఆకులు అసాధారణంగా పెరగసాగాయి. చూసేవాళ్ళు మురిసిపోయారు. తెలిసినవాళ్ళు కంగారుపడ్డారు. ఓజె మొక్కలన్నీ పేదనేలలో, పోషకాలు దాదాపు లేని నీళ్ళలో బతకడానికి అలవాటుపడ్డవి. బసల నుంచి, మరుగుదొడ్ల నుంచి వచ్చే మురుగు వాటికి ఎరువైంది. ఏపుగా పెరిగే మొక్క పెరిగితే, పేదనేలకు అలవాటుపడ్డ చిన్న మొక్కలకు చోటుండదు. అంటే ఆ పెద్ద ఆకులు ఆరోగ్యానికి గుర్తు కాదు. అప్పుడు మురుగు శుద్ధి ఏర్పాట్లు వచ్చాయి. కొన్నిచోట్ల శుద్ధిచేసిన నీళ్ళను సైతం పైపుల ద్వారా చిత్తడి దాటించి వదులుతున్నారు. మిగిలిన మడ్డిని హెలికాప్టర్లు మోసుకుపోతాయి. బసల్లో స్నానానికి వేడినీళ్ళుంటాయి గాని సబ్బు, షాంపూ వాడవద్దంటారు. మరుగుదొడ్డి వాడినవాళ్ళు వంద రెండువందల యెన్‌లు పెట్టెలో వేసి వెళ్ళాలని కోరతారు. ఎవరూ కాపలా ఉండి వసూలు చేయరు.

1990లలో రద్దీ తారస్థాయికి చేరింది. వచ్చేవాళ్ళలో సగానికి పైగా ఆ హతోమచి కనుమ నుంచే, అందులోనూ మిజుబషో పూసే ఆ కొద్ది వారాంతాల్లో దిగేవారు. బాట మీద వరస కదలక నిలిచిపోయేది. నిలబడలేనివాడు ఏం చేస్తాడు, పక్కకు అడుగేస్తాడు. ప్రవేశ రుసుము పెట్టాలా, రోజుకు ఇంతమందే అని హద్దు గీయాలా అన్న చర్చ బాగా జరిగింది. ఆ రెండూ చేయలేదు. బసలు ముందుగా చోటు ఖాయం చేసుకున్నవారినే తీసుకోవడం, దారుల మొదట్లో యంత్రాలతో మనుషుల్ని లెక్కపెట్టడం, రద్దీ రోజులేవో ముందే చెప్పి జనాన్ని వేరే రోజులకు, వేరే దారులకు మళ్ళించడం, ఈ పద్ధతుల్నే నమ్ముకున్నారు. 1995లో ఓజె పరిరక్షణకు ప్రత్యేకంగా ఒక ఫౌండేషన్ ఏర్పడింది. రుసుము పెట్టకపోవడం సరైనదేనా అన్నది ఇంకా తెగని ప్రశ్న. పలకలకు డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా. కాని డబ్బు కట్టినవాడు హక్కు కొనుక్కున్నాననుకుంటాడు. చెత్త ఇంటికి మోసుకెళ్ళే అలవాటు డబ్బు కట్టించి నేర్పగలిగేది కాదని నేననుకుంటాను.

ఆ తారస్థాయి తర్వాత వచ్చేవారి సంఖ్య తగ్గుతూ, 2010ల చివరికి ఏడాదికి రెండున్నర లక్షల ప్రాంతానికి చేరింది. 2005లో ఓజె రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2007 ఆగస్టు 30న నిక్కో నుంచి విడిపోయి సొంతంగా జాతీయ ఉద్యానమైంది. ఇప్పుడు జనం కన్నా జింకలే పెద్ద తలనొప్పి. 1990ల నుంచి అవి బయలులోకి దిగి, పూలమొక్కల్ని మేసి, బురదను తొక్కి కుళ్ళబొడుస్తున్నాయి. కంచెలు కడుతున్నారు. జింకకు చెక్కబాట నేర్పలేం కాబట్టి ఆ పోరు ఇంకో రకం.

టోక్యోలో, యొకొహామాలో ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఓజె వెళ్ళాలనుకుంటే మిజుబషో కోసం మే చివర, జూన్ మొదట్లో వెళ్ళండి. వీలైతే శని, ఆదివారాలు వదిలేసి వారం మధ్యలో బయల్దేరండి. తడి పలకలు బాగా జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. బయలు మొదట్లో పరిచిన చాపల మీద బూట్లు రుద్ది మరీ లోపలికి అడుగుపెట్టండి, బయటి కలుపు గింజలు మీతో రాకుండా ఉంటాయి. చిల్లర యెన్ నాణేలు జేబులో వేసుకోండి. పులిహోర పొట్లం తీసుకెళ్ళినా ఫరవాలేదు, ఆ పొట్లం కాగితం మాత్రం మళ్ళీ మీతో పాటు టోక్యో రావాలి. ఫొటో కోసమైనా సరే, పలక దిగకండి.